తెరచాపలు లెక్కపెట్టే మామ్మ

మొన్న ఓ పెళ్ళికి పలాస వెళ్ళాను. కాశీబుగ్గలో ఆటో దిగేసరికి ఎక్కడో జీడిపిక్కలు కాలుస్తున్న వాసన ముక్కుకు కొట్టింది. ఆ ఘాటుకు కళ్ళు కూడా మండుతాయి. మా అబ్బాయి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. నాకు మాత్రం ఒక్కసారిగా పడవలు గుర్తొచ్చాయి. మా చిన్నప్పుడు జీడిపిక్క పెంకుల నుంచి తీసిన నూనెను పడవ చెక్కలకు పట్టించేవారు. ఉప్పునీటికి చెక్క చివకకుండా, పురుగు తినకుండా. పూసేవాళ్ళ అరచేతులు నల్లబడి, పొరలు పొరలుగా తోలు లేచిపోయేది. ఇసకలో బోర్లించిన పడవ, దాని నీడలో మేము, పైన ఆ వాసన. వేసవి సెలవులంటే నాకు అదే.

మా నాన్న బడిపంతులు. శ్రీకాకుళం తీరంలో బారువకూ భావనపాడుకూ మధ్య ఒక మత్స్యకార గ్రామంలో చాలా ఏళ్ళు పనిచేశారు. ఊరి పేరు రాయను, రాస్తే అక్కడివాళ్ళు ఇందులో ఎవరెవరున్నారో వెతుక్కుంటారు. మేం వేటకెళ్ళే కుటుంబం కాదు. అయినా మా ఇంటి వెనక ఇసక దిబ్బ, దిబ్బ దిగితే సముద్రం. ఊళ్ళో నన్ను అందరూ "మేస్టారి గుంటడు" అనేవారు. ఇప్పటికీ అలాగే అంటారు, తల నెరిసినా.

* * *

దిబ్బ మీద కమ్మలిల్లు ఒకటి ఉండేది. అందులో మామ్మ ఉండేది. ఆవిడ నాకు వరసకు ఏమీ కాదు, ఊరందరికీ మామ్మే.

అప్పట్లో తెప్పలు తెల్లారుజామున వెళ్ళేవి. ఆ వేళకి నేల మీంచి సముద్రంలోకి గాలి ఉంటుంది. మధ్యాహ్నం దాటాక గాలి తిరిగి సముద్రం మీంచి ఒడ్డుకు వస్తుంది. ఆ గాలికి తెరచాప ఎత్తుకుని తెప్పలన్నీ ఇంటిముఖం పట్టేవి. మామ్మ ఆ టైముకి వాకిట్లో చేట ముందేసుకుని కూర్చునేది. చేటలో ఎండు నెత్తళ్ళో, చింతపిక్కలో ఏవో ఏరుతున్నట్టే ఉండేది గాని చూపంతా నీటి మీదే. ఏ తెరచాపకు ఎక్కడ మాసిక పడిందో ఆవిడకు తెలుసు. నాకు దూరంగా గోధుమరంగు చుక్క మాత్రమే కనపడే వేళకే "ఆ నీలం మాసిక పోలయ్యమ్మ గుడి పక్కింటోళ్ళది" అనేసేది. ఒక్కో తెప్ప దరికి చేరగానే ఒక పిక్క పక్కకు తోసేది.

చీకటి పడుతున్నా చేటలో పిక్క మిగిలిపోతే మామ్మ లేచి నిలబడేది. ఏడుపూ, కేకలూ ఏమీ ఉండేవి కావు. ఊరివైపు తిరిగి, "ఇంకా ఒకటి రానేదు. బేగి రండి" అనేది. అంతే. ఆ మాట దిబ్బ దిగేలోపు మగాళ్ళు ఒడ్డున ఉండేవారు.

మామ్మ మొగుణ్ణి సముద్రం మింగేసిందని, అందుకే ఆవిడ అలా కాపలా కూర్చునేదని బయటివాళ్ళు అనుకునేవారు. అదేం కాదు. ఆయన ఉబ్బసంతో మంచం మీదే పోయాడు. మామ్మ ఇల్లు దిబ్బ మీద ఉంది, ఆవిడ కళ్ళు మంచివి, అందుకని ఆ పని ఆవిడకు వచ్చింది. ఆవిడకు ముందు ఇంకెవరో చేసేవారట.

* * *

అలాంటి రాత్రుల్లో పిల్లలకు ఒక పని ఉండేది. కొబ్బరి కమ్మలు, ఎండు మట్టలు లాక్కొచ్చి దిబ్బ మీద కుప్ప వేయాలి. దానికి నిప్పు పెట్టేవారు. మంట ఆరిపోకూడదు. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి మట్టలకు ఏం కరువు! మంట పెట్టిన చోటు కూడా ముఖ్యమే. ఒడ్డున ఎక్కడ పడితే అక్కడ పెడితే, చీకట్లో వచ్చేవాడు దాన్నే నమ్ముకుని రాళ్ళమీదికో, కెరటం బాగా విరిగే చోటికో వచ్చి పడతాడు. తెప్ప ఎక్కడ దరి చేరాలో అక్కడే వెలగాలి.

వెతకడానికి ఎవరు వెళ్ళాలన్నదానికి ఒక కట్టుబాటు ఉండేది. రాని తెప్ప ఎవరిదో ఆ ఇంటివాళ్ళను ముందు తెప్పలో ఎక్కనిచ్చేవారు కాదు. తమ్ముడి కోసం వెళ్ళేవాడు కెరటాన్ని చూడడు, తమ్ముణ్ణే చూస్తాడు అనేవారు. వాళ్ళని మంట దగ్గర కూర్చోబెట్టి, వాళ్ళతో మాటల్లేని ఇంటివాళ్ళు వెళ్ళడం కూడా చూశాను. వల చిరిగిందనో, పాతిక రూపాయల అప్పనో ఏళ్ళ తరబడి పలకరింపులు లేని ఇళ్ళు అవి. వెళ్ళి తీసుకొచ్చి, మర్నాటి నుంచి మళ్ళీ మాట్లాడుకునేవారు కాదు. ఆ విషయం నాకు ఇప్పటికీ వింతే.

కూలి అడగడం, ఖర్చులు లెక్క చెప్పడం లేదు. కాపాడి తెచ్చినవాళ్ళకు దండలు వేయడం, పేపర్లో ఫోటో ఇవేవీ లేవు. మర్నాడు ఆ ఇంటి నుంచి ఒక గంప చేపలు వచ్చేవి, అదీ అందరికీ రాదు.

* * *

తెప్పను ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? పైకి చూస్తే తాళ్ళతో కట్టిన నాలుగు దుంగలు. దాని మీద సముద్రంలోకి వెళ్ళడమేమిటని భయమేస్తుంది. దాని రహస్యమంతా ఆ సందుల్లోనే ఉంది. కెరటం మీద పడితే నీళ్ళు సందుల్లోంచి కిందికి పోతాయి. నిండదు కాబట్టి మునగదు. తిరగబడితే మళ్ళీ తిప్పుకుని ఎక్కొచ్చు. ఇంటికి వచ్చాక తాళ్ళు విప్పి దుంగలు విడివిడిగా ఇసకలో ఆరబెట్టేవారు. తడి పీలిస్తే బరువెక్కుతాయి కదా.

మా ఊరి ఒడ్డున రేవులాంటిది ఏదీ లేదు. ఇసక, ఆ వెంటనే విరిగే కెరటాలు. ఒకప్పుడు బారువకు ఓడలు వచ్చే రోజుల్లో కూడా ఓడ దూరంగానే ఆగేదట. మనుషుల్నీ బస్తాల్నీ పీచుతాడుతో కుట్టిన పడవల్లో కెరటాలు దాటించేవారు. మేకు కొట్టిన పడవ ఆ దెబ్బకు విచ్చిపోతుంది, కుట్టిన పడవ కాస్త సాగి నిలుస్తుంది. పెద్దవల లాగడానికి అలాంటి కుట్టు పడవలు నా చిన్నప్పుడు కూడా ఉండేవి. సందుల్లో కూరిన పీచు ఊడిపోతే లోపల ఒకడు డబ్బా పట్టుకుని నీళ్ళు తోడుతూనే ఉండాలి.

ప్రమాదం ఎక్కువగా జరిగేది నడిసముద్రంలో కాదు, ఒడ్డు కనిపిస్తున్న చోటే. కెరటాలు విరిగే ఆ కాస్త మేర దాటాలి. నా స్నేహితుడి తండ్రి తెప్ప నెట్టేటప్పుడు ఒడ్డున నడుం లోతు నీళ్ళలో నిలబడి ఎంతసేపైనా ఆగేవాడు. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, ఆ తరవాత కొంచెం తెరిపి ఇస్తుంది. ఆ తెరిపి కోసం చూపు. ఆయన పెదాలు కదిలేవి, దండం పెట్టుకుంటున్నాడనుకునేవాణ్ణి. ఓసారి దగ్గరకెళ్ళి వింటే కెరటాలు లెక్కపెడుతున్నాడు. "ఊఁ" అనగానే ముగ్గురూ ఒక్క ఊపున నెట్టి ఎక్కేసేవారు.

పిల్లలకు ఈతకంటే ముందు నేర్పే మాట ఒకటుంది: "తెప్పొగ్గీకురా." తిరగబడినా సరే, ఒడ్డు దగ్గరే ఉందని ఈదుకుంటూ పోకు, తెప్పనే పట్టుకుని ఉండు. ఈదేవాడి తల కెరటాల మధ్య ఎవరికీ కనపడదు, తెప్ప కనపడుతుంది. తరవాత ఉద్యోగంలో ఉండగా ఓ ట్రైనింగ్‌లో కోస్ట్‌గార్డ్ ఆఫీసరు ఒకాయన ఇదే ముక్క ఇంగ్లీషులో, తెర మీద బొమ్మలేసి చెప్పాడు. నా పక్కన కూర్చున్న ముసలి సరంగు "ఇది మాయమ్మ సెప్పీసింది" అని గొణిగాడు.

దూరం లెక్క కూడా వేరే. మైళ్ళూ కిలోమీటర్లూ ఎవరికి కావాలి? "ఇసక మునిగింది", "కొబ్బరిచెట్లు మునిగాయి" అనేవారు. అంటే అవి కనపడనంత లోపలికి వెళ్ళారన్నమాట. అన్నీ మునిగాక కూడా మహేంద్రగిరి ఒక్కటీ పడమట నీలంగా నిలబడి ఉంటుంది. 1,500 మీటర్ల కొండ కదా. మంచు కాలంలో అదీ కనపడకపోతేనే భయం. చేపలు దొరికే చోటు, వల చిక్కుకునే చోటు కొండ శిఖరానికీ ఒడ్డున ఏదో గుర్తుకీ గీత కలిపి పట్టుకునేవారు. బారువ దగ్గర బ్రిటిష్ కాలంలో మునిగిన చిల్కా ఓడ చుట్టూ చేపలు బాగా ఉంటాయి. వల దానికి పట్టుకుందంటే మాత్రం అంతే సంగతులు.

* * *

ఊళ్ళో మొదటి రేడియో బడిది. తుపాను రోజుల్లో నాన్న దాన్ని కిటికీలో పెట్టి గొంతు పెంచేవారు. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం. "కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం ఓడరేవులలో మూడవ నంబరు ప్రమాద సూచికను ఎగురవేశారు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు." నాన్న అది బడి గోడ మీద సుద్దముక్కతో రాసేవారు. ఆ నంబర్లు పదకొండు దాకా ఉంటాయి. పది అంటే మహా ప్రమాదం. పదకొండు అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు కూడా తెగిపోయాయని. పిల్లలం పదకొండు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్ళం, ఆ వయసుకి అంతే బుద్ధి.

పెద్దవాళ్ళకు రేడియో ఒక సాక్ష్యం మాత్రమే. గాలి లేకుండా కెరటం బరువెక్కితే, ఒడ్డున విరిగే చప్పుడు మారితే, వాళ్ళే తెప్పలు పైకి ఎక్కించేసేవారు. రేడియో వద్దందిగాని ఆకాశం అద్దంలా ఉన్న రోజులతోనే తంటా. ఆ రోజు పొయ్యి వెలగాలి కదా. ఒకటి రెండు సార్లు తుపాను ఎటో మళ్ళిపోయి, పస్తులున్నవాళ్ళు వచ్చి నాన్న మీద విసుక్కోవడం నాకు గుర్తుంది, తుపాను ఆయనే పంపినట్టు. ఆయన మాత్రం మర్నాడు మళ్ళీ రాసేవారు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను మా వైపు రాలేదు, కోనసీమను కొట్టింది. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప ఊళ్ళ పేర్లు అప్పుడే మొదటిసారి విన్నాను. అప్పటికి మావాళ్ళు చాలామంది కాకినాడ, విశాఖ బోట్ల మీద కళాసీలుగా వెళ్తున్నారు. మా ఊరి మనిషి ఒకడు ఆ బోట్లలో ఉన్నాడు. రాలేదు.

సముద్రంలో పోయినవాడికి శవం ఉండదు. ఏడేళ్ళు కబురు లేకపోతేనే చట్టం మనిషిని చనిపోయినట్టు లెక్కేస్తుంది. ఆ ఏడేళ్ళూ ఆ ఇల్లాలు ముండమోసిందీ కాదు, ముత్తైదువా కాదు. ఇన్సూరెన్సు కోసం వెళ్తే ఓ ఆఫీసులో గుమస్తా "చనిపోయినట్టు రుజువేదమ్మా" అన్నాడట. ఆవిడ కాగితాలు రాసిపెట్టింది నాన్నే. అర్జీ అడుగున ఆవిడ వేలిముద్ర వేస్తుంటే సిరా ఎక్కువై చుట్టూ పాకింది. ఆవిడ చీర కొంగుతో అద్దబోయి కాగితం చిరిగింది. నాన్న ఏమీ అనకుండా మొత్తం మళ్ళీ రాశారు.

* * *

చిన్నప్పుడు ఓసారి పూరీ తీసుకెళ్ళారు. జగన్నాథుడి దర్శనం అయ్యాక సముద్రస్నానం. అక్కడ తెల్లటి కోసు టోపీలు పెట్టుకున్న మనుషులు యాత్రికుల చేతులు పట్టుకుని కెరటాల్లోకి దింపుతున్నారు. నోలియాలంటారు. మా అమ్మకు భయం, చెయ్యి పట్టుకున్న పెద్దాయన ఒడియాలో ఏదో చెబుతున్నాడు, అమ్మకు అర్థం కావడం లేదు. అమ్మ తెలుగులో ఏదో అనగానే ఆయన మొహం వెలిగిపోయింది. "ఏ ఊరమ్మా మీది? కెరటమొస్తే ఎదురెల్లకు, పక్కకి తిరిగి కూకో" అన్నాడు. అచ్చం మా ఊరి మాట! పూరీలో పెంఠకటా అనే పేటంతా మన తెలుగు జాలర్లేనని అప్పుడే తెలిసింది. గంజాం తీరంలో గోపాల్‌పూర్ దగ్గర కూడా మనవాళ్ళే. సరిహద్దులు గీసినవాళ్ళు నేల మీద గీశారు గాని నీటి మీద ఎవరికీ పట్టలేదు.

ఆ పెద్దాయన మమ్మల్ని వదిలి, ఎవరో కుర్రాళ్ళు లోపలికి పోతున్నారని ఈల వేసుకుంటూ పరిగెత్తాడు. మా ఊళ్ళో మాఘ పౌర్ణమి స్నానాలకు జనం వచ్చినప్పుడు ఇదే పని మావాళ్ళు చేసేవారు, టోపీ లేకుండా, ఎవరూ చెప్పకుండా. కార్తీకంలో పిక్నిక్‌కు వచ్చే కాలేజీ పిల్లలంటే వాళ్ళకు హడల్. ఈత వచ్చినవాడే ముందు పోతాడు అనేవారు. నీరు లోపలికి లాగుతున్నప్పుడు దానికి ఎదురీది అలిసిపోతాడు. అడ్డంగా ఈదుకుంటూ పక్కకు వచ్చేస్తే లాగుడు తప్పిపోతుంది, ఆ తరవాత కెరటమే ఒడ్డుకు తెస్తుంది.

బయటికి తీసుకొచ్చాక చేసే వైద్యం మాత్రం మహా మోటు. బోర్లించిన కుండ మీద పొట్ట ఆనించి దొర్లించేవారు, కాళ్ళు పట్టి తిప్పేవారు. నీళ్ళు కక్కితే బతికినట్టు. అలా బతికినవాళ్ళనే అందరూ చెప్పుకుంటారు కాబట్టి ఆ పద్ధతి మంచిదనే పేరు నిలిచిపోయింది. చాలా ఏళ్ళ తరవాత మెరైన్ పోలీసులు రబ్బరు బొమ్మ తెచ్చి, నోట్లో ఊపిరి ఊదడం, గుండె మీద నొక్కడం నేర్పారు. ముసలాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని ఇంకా నవ్వారు. అందరికంటే బాగా నేర్చుకుంది మాత్రం ఆ నవ్విన ఆడవాళ్ళలో ఒకావిడే. ఇప్పుడు ఊళ్ళో ఎవరు నీళ్ళు మింగినా ముందు ఆవిణ్ణే పిలుస్తారు.

* * *

ఇంజన్లు వచ్చాక మామ్మ లెక్క తప్పింది. దుంగల తెప్పల చోట ఫైబర్ తెప్పలు వచ్చాయి, తోకలాంటి పొడుగు కడ్డీకి రెక్క ఉన్న డీజిల్ ఇంజన్లు వచ్చాయి. గాలితో పనిలేదు. ఎప్పుడు పడితే అప్పుడు వెళ్తారు, రెండు రాత్రులు ఉండిపోతారు, ఇంకో ఊరి రేవులో చేపలు దించేస్తారు. తెరచాపలే లేవు, ఇక మాసికలేం చూస్తుంది? కొన్నాళ్ళు ఇంజను చప్పుడు బట్టి గుర్తుపట్టాలని చూసింది. అన్నీ ఒకే కంపెనీవి, ఒకేలా టకటకమనేవి. "దెయ్యం బళ్ళు" అని తిట్టి చేట లోపల పెట్టేసింది.

ఫైబర్ తెప్ప మునగదు, లోపల థర్మోకోల్ ఉంటుంది. కానీ ఇంజను ఆగిపోతే చాలా దూరంలో ఆగిపోతుంది. తెడ్లు వేసుకుని రాగలిగిన దూరం దాటి వెళ్ళే అలవాటు అప్పుడే మొదలైంది. ఇప్పుడు అక్కరకొచ్చే వస్తువులు బోలెడున్నాయి, కాదనను. ఇస్రో వాళ్ళ డిస్ట్రెస్ అలర్ట్ పెట్టె ఉంది, మీట నొక్కితే ఉపగ్రహం మీదుగా కబురు కోస్ట్‌గార్డ్‌కు వెళ్తుంది. పాతదాంట్లో కబురు అందిందో లేదో నొక్కినవాడికి తెలిసేది కాదు. 2024లో వచ్చిన కొత్తరకంలో "అందింది" అని తిరుగు కబురు వస్తుంది. నడిసముద్రంలో ఆ ఒక్క మాటకున్న విలువ ఒడ్డున కూర్చున్నవాళ్ళకు తెలియదు. సెల్‌కు సిగ్నల్ ఉన్నంతమేర 1554 కొట్టినా కోస్ట్‌గార్డ్ పలుకుతుంది.

లైఫ్ జాకెట్ల దగ్గరే ఎప్పుడూ పేచీ. నేను ఉద్యోగంలో ఉండగా వాటిని పంచిన మీటింగులు చాలా చూశాను. పంచిన మర్నాడు ఒకటి తలగడ అయ్యేది, ఒకటి ఉయ్యాల్లో పరుపయ్యేది, ఒకదాన్ని జీడితోటలో దిష్టిబొమ్మకు తొడిగారు. "వీళ్ళకు బుద్ధి లేదండీ" అని నాతో వచ్చినవాళ్ళు అనేవారు. నాకు ఆ మాట నచ్చేది కాదు. ఆ మందపాటి జాకెట్ వేసుకుని మిట్టమధ్యాహ్నం వల లాగమనండి చూద్దాం. దాని పట్టీ వలకు తగులుకుంటే జాకెటే మనిషిని నీళ్ళలోకి లాగుతుంది. ఓడ మీద ప్రయాణం చేసేవాడికి కుట్టినదాన్ని తెచ్చి, ఒళ్ళువంచి పనిచేసేవాడికి ఇచ్చారు. సన్నగా ఉండి, అవసరమైనప్పుడు ఉబ్బేవి ఉన్నాయి. వాటి ధర చూస్తే గుండె ఆగుతుంది.

* * *

2018 అక్టోబరు 11న తెల్లారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఊరి తెప్ప ఒక్కటి కూడా నీళ్ళలో లేదు. రెండు రోజుల ముందే ఫోన్లలో మెసేజీలు తిరిగాయి, అన్నిటినీ తాళ్ళు కట్టి పైకి లాగేశారు. ఉద్దానం కొబ్బరి, జీడి మాత్రం నేలమట్టమైంది. మామ్మ ఇల్లున్న దిబ్బ సగం కోసుకుపోయింది. ఆవిడ అప్పటికే లేదు.

ఈసారి పెళ్ళి నుంచి వస్తూ ఊళ్ళోకి వెళ్తే కుర్రాళ్ళు నన్ను బడి అరుగు మీద కూర్చోబెట్టారు. వాళ్ళొక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. బయల్దేరినప్పుడు ఒక ఫోటో, ఒడ్డు చేరాక ఒక ఫోటో. రానివాళ్ళ లెక్క డిగ్రీ చదివే ఒకమ్మాయి చూస్తుంది. ఆ పిల్ల ఫోను తీసి చూపించింది, ఆరోజు వెళ్ళిన తెప్పలన్నీ నంబర్లతో సహా ఉన్నాయి. అక్కడక్కడా పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా ఉన్నాయనుకోండి. వేట నిషేధం ఉండే ఆ 61 రోజులూ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, గ్రూపులో అవే ఉంటాయట.

వాళ్ళకు నాతో పడింది ఒక అర్జీ పని. వెతకడానికి వెళ్ళేందుకే ప్రత్యేకంగా ఒక తెప్ప, ఒక మంచి ఇంజను, రెండు వందల మీటర్ల తాడు, నీళ్ళలో పట్టుకుని తేలడానికి నాలుగు గాలి చక్రాలు, దిబ్బ మీద ఒక పెద్ద లైటు కావాలి. ఇంజనును వేటకు వాడకూడదు, తాళం ఇద్దరి దగ్గర ఉండాలి. మేస్టారి గుంటడు రాస్తే బాగుంటుందన్నారు. రాసిచ్చాను. తీరా సంతకాలు పెట్టే ముందు ఒకాయన లేచి, మరి అందులో డీజిల్ ఎవరు పోస్తారని అడిగాడు. ఊరి ఫండు నుంచి పోద్దామని కొందరు, ఎవర్ని కాపాడి తెస్తే వాళ్ళ ఇంటినుంచి తీసుకుందామని కొందరు. ముసలాళ్ళు ఆ రెండోమాట వినగానే ఒంటికాలి మీద లేచారు. రాత్రి బస్సు టైమైపోతోందని నేను వచ్చేశాను. ఫోను చేస్తే ఇంకా తెగలేదంటున్నారు.